వేలు లేని ఫొటో

మా మొగలిలంక పురపాలక సంఘంలో వేలు లేని ఫొటో చెల్లదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఈ సంగతి మొదటిరోజే చెబుతాం. కాలువ పూడిపోయిందనుకోండి. ఒక ఉద్యోగి ఆ కాలువ పక్కన నిలబడి, పూడిక వైపు చూపుడు వేలు చాపి, ముఖం విచారంగా పెట్టాలి. అది 'పనికి ముందు' ఫొటో. పూడిక తీశాక అదే ఉద్యోగి అదే చొక్కాతో అదే చోట నిలబడి, అదే వేలు చాపి, ముఖం సంతోషంగా పెట్టాలి. అది 'పని తర్వాత' ఫొటో. ఈ రెండూ ఉంటే పని జరిగినట్టు. కాలువలో నీళ్ళు పారాయా లేదా అన్నది కాలువ సొంత విషయం.

నేను ఈ ఆఫీసులో సూపరింటెండెంటుని. జనం 'సూపర్నెంటుగారు' అంటారు, నేనూ అలాగే పలుకుతాను. మా ఆఫీసుని వెక్కిరించేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు, వాళ్ళలో నేను లేను. సర్వీసంతా ఈ ఫొటోలు ఫైళ్ళకి అంటిస్తూ గడిపినవాణ్ణి. నా దృష్టిలో లోకంలో ఫొటోలు రెండే రకాలు. మా అమ్మాయి పెళ్ళి ఆల్బం వచ్చినప్పుడు కూడా పెళ్ళిచూపుల ఫొటోనీ అప్పగింతల ఫొటోనీ పక్కపక్కన పెట్టి పోల్చి చూశాను. రెండింట్లోనూ ఎవరూ వేలు చాపలేదని మా ఆవిడతో అన్నాను. ఆవిడ ఆల్బం నా చేతిలోంచి లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

అలాంటి ఆఫీసులో నూకరత్నంగారు మూడో రకం ఫొటోలు తీసేవారు.

ఆవిడ ఇంజనీరింగ్ విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టరు. ఎక్కడ పని జరిగితే అక్కడికి వెళ్ళి ముందూ తర్వాతా ఫొటోలు తీయటం ఆవిడ ఉద్యోగం, దాన్ని శుభ్రంగానే చేసేవారు. మూడో రకం ఫొటోలు తీసేది ఆఫీసు మొదలవకముందు, గేటు బయట, లోవరాజు టీ కొట్టు దగ్గర. కొట్టు ముందు మంచినీళ్ళ పైపు వాల్వు ఒకటుంది. అది నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ కారుతోంది. కారిన నీళ్ళు అక్కడే చిన్న గుంటలా నిలుస్తాయి. పొద్దున్నపూట ఆ గుంటలో మా ఆఫీసు భవనం తలకిందులుగా కనిపిస్తుంది, జెండా కొయ్య కిందికి వేలాడుతుంది. ఒక కాకి వచ్చి అందులో మునిగి, రెక్కలు దులుపుకుని పోతుంది. రత్నంగారు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, గొంతుక్కూర్చుని ఫోనుతో ఆ గుంటని ఫొటోలు తీసేవారు.

"ఎందుకండీ ఈ ఫొటో?" అని ఒకరోజు అడిగాను.

"ఊరికేనండి."

"ఊరికే అంటే ఏ పద్దు కింద?"

"ఏ పద్దూ లేదండి బాబూ. కాకి తానం చేత్తంది, బాగుంది, తీసేను."

"పోటీలకి పంపుతారా?"

"పంపనండి."

"పోనీ ఫేస్‌బుక్కులో?"

"అబ్బే, లోవరాజుకి చూపిత్తాను. ఇద్దరం నవ్వుకుంటాం. బాగోపోతే చెరిపేత్తాను. బాగున్నా ఒక్కోసారి చెరిపేత్తానండి, ఫోన్లో చోటుండదు."

ఉన్న ఫొటోని చెరిపేయటం అనే మాట నా సర్వీసులో వినటం అదే మొదటిసారి. మా ఆఫీసులో లేని కాలువల ఫొటోలు కూడా భద్రంగా ఉన్నాయి. ఆవిడ మాత్రం నిమ్మళంగా ఫోను నా ముందు పెట్టి ఒక ఫొటో చూపించారు. కాకి మసకమసకగా ఉంది, దాని పక్కన ఆవిడ కాలి బొటనవేలు పెద్దగా, స్పష్టంగా పడింది. కాకి ఆ వేలిని అనుమానంగా చూస్తోంది. రత్నంగారు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. అన్నిట్లోకీ అదే బాగా వచ్చిందట. నేను నవ్వలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంటే ఎందుకో నవ్వొచ్చింది. ఏమిటని మా ఆవిడ అడిగితే ఏం లేదన్నాను.

ఇలా ఉండగా రాజధాని నుంచి 'పురదర్పణం' అనే యాప్ వచ్చింది. ఇకమీద ఫొటోలు ఫైళ్ళకి అంటించక్కర్లేదు, అందులో ఎక్కిస్తే చాలు. యంత్రమే చూసి ప్రతి ఫొటోకీ వందకి ఇన్ని అని మార్కులు వేస్తుంది. తర్వాత ఫొటో మార్కుల్లోంచి ముందు ఫొటో మార్కులు తీసేస్తే మిగిలేదాని పేరు అభివృద్ధి.

దీని కిటుకు మా డిప్యూటీ ఇంజనీరు భీమశంకరంగారు మొదటి వారంలోనే కనిపెట్టారు. తర్వాత ఫొటో బాగా రావాలంటే పని బాగా చేయాలి, అది కష్టం. ముందు ఫొటో దరిద్రంగా రావాలంటే ఫొటో దరిద్రంగా తీస్తే చాలు. అప్పటినుంచి మా ముందు ఫొటోలు మబ్బు పట్టినప్పుడు, లెన్సు మీద బొటనవేలు రుద్ది తీయటం మొదలైంది. ఒక పార్కు ముందు ఫొటో కోసం పక్క ఊరి చెత్త డిపోకి వెళ్ళొచ్చారు. ఆ నెల మొగలిలంక అభివృద్ధిలో జిల్లాకే మొదటి స్థానంలో నిలిచింది. భీమశంకరంగారికి శాలువా కప్పారు.

నెలాఖరున రత్నంగారు కాలువల ఫొటోలు ఎక్కిస్తున్నారు. మా ఆఫీసుకి సిగ్నలు లోవరాజు కొట్టు దగ్గరే అందుతుంది కాబట్టి అక్కడ నిలబడే ఎక్కిస్తున్నారు. ఒక చేతిలో టీ, ఒక చేతిలో ఫోను. గడువు ముగుస్తోందని లోపలి నుంచి భీమశంకరంగారి కేకలు. ఆ హడావుడిలో గుంట ఫొటో ఒకటి 'పనికి ముందు' గడిలోకి వెళ్ళిపోయింది.

ఆవిడ పరుగున నా దగ్గరకి వచ్చారు. "సూపర్నెంటుగారూ, కాకి ఎక్కేసిందండి. ఎలా దింపాలో చెప్పండి."

ఇద్దరం కలిసి తీసివేసే మీట కోసం యాప్ అంతా వెతికాం. చివరికి సూచనల పుస్తకంలో దొరికింది: 'అధికారులు పొరపాట్లు చేయరు గనుక తొలగించు సదుపాయము అనవసరమని భావించడమైనది.' ఇంతలో యంత్రం ఆ ఫొటోకి మార్కులు వేసింది. వందకి తొంభై ఏడు.

మా ఊళ్ళో అప్పటిదాకా ఏ తర్వాత ఫొటోకీ అరవై ఒకటికి మించి రాలేదు. ఆ అరవై ఒకటీ కమిషనర్‌గారి బంగళాకి.

మర్నాడు అత్యవసర సమావేశం. మా కమిషనర్‌గారు చిన్నవాడు, చదువుకున్నవాడు, ఇది ఆయనకి మొదటి ఊరు. గోడ మీద పెద్దగా వేసిన గుంట ఫొటోని చాలాసేపు చూసి, "వందకి తొంభై ఏడు మార్కులున్న దుస్థితిని మనం ఏ విధంగా మెరుగుపరచగలం?" అని అడిగారు.

భీమశంకరంగారు లేచారు. "సదరు గుంటను శాశ్వత ప్రాతిపదికన నిర్మూలించి, సదరు ప్రదేశమును సుందరీకరించినచో, తొంభై ఏడును అధిగమించుట అసాధ్యము కాదని మనవి చేస్తున్నాను సార్."

రత్నంగారు వెనక వరుసలోంచి, "సార్, అది పనేం కాదండి. ఊరికే తీసిన ఫొటో అండి," అన్నారు.

"ఊరికే తీసిన ఫొటోకి తొంభై ఏడెలా వస్తుందమ్మా?" అన్నారు భీమశంకరంగారు. సుందరీకరణ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

తరాలుగా కారుతున్న వాల్వుని ఒక్క పూటలో బాగు చేశారు. గుంట మీద సిమెంటు పోసి ఆకుపచ్చ, గులాబీ రంగుల పలకలు పరిచారు. నడిమధ్యలో సిమెంటు కొంగని నిలబెట్టారు. కొంగకి ఒక్కటే కాలు, రెండోది అంచనాలో లేదు. చుట్టూ రంగు దీపాలు పెట్టి, భీమశంకరంగారు స్వయంగా పక్కన నిలబడి, కొంగ వైపు వేలు చాపి, ముఖం సంతోషంగా పెట్టారు. యంత్రం పన్నెండు మార్కులు వేసింది. తప్పు కొంగదేనని అందరూ అన్నారు. నేను భీమశంకరంగారి ముఖాన్ని అనుమానించాను గానీ పైకి అనలేదు.

పన్నెండులోంచి తొంభై ఏడు తీసేస్తే మిగిలేది మైనస్ ఎనభై అయిదు. మొగలిలంక జిల్లాలో మొదటి స్థానం నుంచి ఆఖరికి జారింది.

వారం తిరక్కుండా రాజధానిలోని సంచాలకులవారు గోడ మీది తెర మీదకి వచ్చారు. "పురపాలక చరిత్రలో ఒక పని పూర్తయినందువల్ల పట్టణం వెనక్కి వెళ్ళడం ఇదే ప్రథమం. మీరు పని చేయకుండా ఉండి ఉంటే ఎనభై అయిదు మార్కులు ఆదా అయ్యేవి. దీనిపై మీ సంజాయిషీ ఏమిటి?"

"పని చేసినందుకు చింతిస్తున్నాము సార్," అన్నారు కమిషనర్‌గారు.

"చింతిస్తే చాలదు. పూర్వస్థితిని పునరుద్ధరించండి. పునరుద్ధరించిన గుంటకు కనీసం తొంభై ఎనిమిది రావాలి. రాని పక్షంలో మొదటి ఫొటో తీసిన ఉద్యోగిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును."

రత్నంగారు చేతిలో ఫోనుని పమిట చెంగులో చుట్టి పెట్టుకున్నారు.

ఆ సాయంత్రమే ఆవిణ్ణి 'జలప్రతిబింబ నోడల్ అధికారి'గా నియమిస్తూ ఉత్తర్వు వెలువడింది. దాన్ని టైపు చేసింది నేనే. మూడు కాళ్ళ స్టాండూ, పెద్ద మూతి ఉన్న కెమెరా వచ్చాయి. సౌందర్య దృష్టి మీద శిక్షణ ఇవ్వటానికి నగరం నుంచి ఒక నిపుణుడొచ్చి, ఎప్పుడు ఆనందించాలో బోర్డు మీద గీసి చూపించాడు. ప్రతి ఫొటోకీ ఒక పత్రం జతచేయాలి, అందులో 'సదరు దృశ్యమును ఆనందించుటకు గల కారణములు' అనే గడి నింపాలి. ఒకరోజు ఆవిడ అందులో 'బాగుంది' అని రాశారు. వివరాలు సరిపోలేదని పత్రం వెనక్కి వచ్చింది. ఫొటో తీసేటప్పుడు పర్యవేక్షణ సంఘం సభ్యులు వెనక వరుసగా నిలబడేవారు. నవ్వితే స్టాండు కదులుతుందని లోవరాజుకి నోటీసు ఇచ్చారు.

గుంటని తిరిగి తేవటం కూడా తేలిక కాలేదు. కొంగని పీకి, పలకలు పగలగొట్టారు. కానీ వాల్వు కారటం లేదు. మావాళ్ళు ఏ పైపు బిగించినా దానంతటదే కారుతుంది గానీ, ఫలానా చోట ఇంత కారాలి అంటే ఎవరికీ చేతకాలేదు. 'నియంత్రిత కారుడు' కోసం టెండరు పిలిచారు, ఎవరూ రాలేదు. చివరికి ట్యాంకరుతో నీళ్ళు తెచ్చి పోశారు. ఎవరూ తొక్కకుండా చుట్టూ తాడు కట్టారు. రత్నంగారు స్టాండు పెట్టి, ముఖం బిగించి, సంఘం సభ్యులు తలలూపాక మీట నొక్కారు. ముప్పై నాలుగు.

పాత ఫొటోనీ కొత్త ఫొటోనీ పక్కపక్కన పెట్టి రోజంతా పరిశీలించారు. లోపం ఏమిటో భీమశంకరంగారు ప్రకటించారు: "కాకి గైర్హాజరు."

కాకి నిజంగానే రావటం మానేసింది. ఎదురుగా కరెంటు తీగ మీద కూర్చుని చూసేది గానీ కిందికి దిగేది కాదు. పారిశుధ్య విభాగం వాళ్ళు ఉడికించిన గుడ్లు పెట్టారు, కుక్కలు వచ్చాయి. చేపముక్కలు పెట్టారు, పిల్లులు వచ్చాయి. మేకపోతు లివరు పెట్టారు, దాన్ని ఎవరు తిన్నారన్నది ఇప్పటికీ విచారణలో ఉంది.

ఒక పొద్దున్న టీకి వెళితే రత్నంగారు బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా టీ చల్లారిపోయి మీగడ కట్టింది.

"అమ్మగారు టీ కూడా సరిగ్గా తాగట్లేదండి," అన్నాడు లోవరాజు.

"మానేద్దామనుకుంటన్నానండి సూపర్నెంటుగారూ," అన్నారావిడ.

"ఉద్యోగమా?"

"ఉద్యోగం ఎలా మానేత్తానండి. ఫొటోలు. ఇదివరకు గుంట చూత్తే కాకి కనపడేది. ఇప్పుడు గుంట చూత్తే తొంభై ఎనిమిది కనపడతందండి. నిన్న మా ఇంటి కాడ పిల్లి చీపురు మీద పడుకుని నిద్రోతంది. ఫోను తీసేనండి. దీనికెంతొత్తాదో అనుకున్నాను. ఆ మాట అనుకోగానే తియ్యబుద్ధి కాలేదు."

నాకు బాధేసింది. ఎన్ని సంజాయిషీ నోటీసులు నా చేత్తో టైపు చేశానో, అప్పుడెప్పుడూ ఇలా అనిపించలేదు. ఆవిడ ఫోను తీసి నాకు ఫొటో చూపించి చాలా రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ బొటనవేలి ఫొటో ఉందా అని అడిగాను. చోటు కోసం చెరిపేశానన్నారు.

ఏదో ఒకటి చేయాలనిపించింది. నాకు తెలిసింది ఒకటే, సమావేశంలో లేచి ప్రతిపాదన పెట్టటం. "సార్, కాకిని రప్పించటంలో అనుభవం ఉన్నవాళ్ళు మన ఊళ్ళో ఉన్నారు. రేవు దగ్గర తద్దినాలు పెట్టించే చయనులుగారు. ఎంత మొండి కాకైనా ఆయన పిలిస్తే వస్తుందంటారు."

కమిషనర్‌గారు ఇందుకు నిబంధనలు అడ్డురావని నిర్ధారించుకుని, సరే అన్నారు.

చయనులుగారు పెద్దాయన. సంచీ భుజాన వేసుకుని వచ్చి, తాడు కట్టిన గుంటనీ చుట్టూ నిలబడ్డ అధికారులనీ చూశారు.

"ఎవరు పోయారు నాయనా?"

"ఎవరూ పోలేదండి," అన్నారు కమిషనర్‌గారు.

"మరి కాకెందుకు?"

"గుంట కోసం."

"గుంట పోయిందా?"

"పోయి, మళ్ళీ వచ్చిందండి."

"మళ్ళీ వచ్చినవాళ్ళకి పెట్టే విధానం నా దగ్గర లేదు. పిండం గిండం అనకండి, తప్పు. వట్టి అన్నం ముద్ద పెట్టి పిలుస్తాను, వస్తే వస్తుంది." విస్తరాకు పరిచి, అన్నం ముద్ద పెట్టి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "కావ్, కావ్" అని పిలిచారు. తీగ మీద కాకి మెడ వంచి చూసింది. దిగలేదు.

చయనులుగారు ఇటు తిరిగారు. "తెలియనిదేముంది. కాకి ముట్టలేదంటే ఎవరికో ఏదో కోరిక మిగిలిపోయిందని. దగ్గరివాళ్ళు ముందుకొచ్చి, అది తీరుస్తామని మాటివ్వాలి."

ఇలాంటివాటి మీద తనకి నమ్మకం లేదని కమిషనర్‌గారు అన్నారు. అని, మీరు ప్రారంభించండి అని భీమశంకరంగారికి సైగ చేశారు.

భీమశంకరంగారు గుంట ముందు నిలబడి తీగ వైపు చూస్తూ, "సదరు గుంట పరిసరముల సమగ్రాభివృద్ధికి, పై అధికారుల ఆమోదమునకు లోబడి, తగు చర్యలు తీసుకొనబడునని హామీ ఇవ్వడమైనది," అన్నారు. కాకి ముక్కుతో రెక్క సవరించుకుంది.

పారిశుధ్య విభాగం తరఫున రోజూ అన్నం పెడతామని, నిధుల లభ్యతను బట్టి కూర కూడా పరిశీలిస్తామని హామీ వచ్చింది. కాకి అవతలికి తిరిగి కూర్చుంది. కమిషనర్‌గారు గొంతు సవరించుకుని, ఈ విషయమై ఒక ఉపసంఘం వేస్తామన్నారు. కాకి ఇంకో స్తంభం మీదకి వెళ్ళిపోయింది.

"మాటంటే మాటే ఉండాలి నాయనా. ఈ లోబడటాలూ పరిశీలనలూ వాటికి అర్థం కావు," అన్నారు చయనులుగారు. "అసలు ఈ గుంట అంటే ఎవరికి ఇష్టం?"

అందరం రత్నంగారి వైపు చూశాం. ఆవిడ స్టాండు వెనకాల, పెద్ద కెమెరా పక్కన, పరీక్ష తప్పిన మనిషిలా నిలబడి ఉన్నారు. ఆవిడ కోరిక ఏమిటో నాకు తెలుసు. ఆ సిమెంటు ముక్కల మధ్య నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నేను ముందుకి నడిచాను. గుంట ముందు ఏ భాష మాట్లాడాలో తోచలేదు. చివరికి ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాను.

"రత్నంగారు ఈ గుంటని ఊరికే ఫొటోలు తీసుకుంటారు. ఎందుకని అడగం. ఎంతొచ్చిందని అడగం. ఆవిడ తీసిన ఏ ఫొటో జోలికీ రాం. ఆఫీసు తరఫున ఇది నా మాట."

నేనింకా వెనక్కి రాకముందే కాకి దిగింది. అన్నం ముద్దని రెండుసార్లు పొడిచి, గుంట అంచుకి గెంతి, ట్యాంకరు నీళ్ళని అనుమానంగా చూసి, తల ముంచింది.

అప్పుడు జరిగినదానికి మా అలవాటే కారణం. కమిషనర్‌గారు, భీమశంకరంగారు, పర్యవేక్షణ సంఘం, పారిశుధ్య విభాగం, నేను, అందరం ఒక్కసారిగా కాకి వైపు వేలు చాపాం. ముఖాలు కూడా వాటంతటవే సంతోషంగా మారాయి. రత్నంగారు స్టాండుని వదిలేసి, కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, పమిట చెంగులోంచి ఫోను తీసి గొంతుక్కూర్చున్నారు. ఒకే ఒక్కసారి నొక్కారు. కాకి రెక్కలు దులిపి మా అందరి మీదా నీళ్ళు చల్లి ఎగిరిపోయింది.

ఆవిడ ఫొటో చూసుకున్నారు. చూసుకుని ఆ బురదలోనే కూలబడి నవ్వటం మొదలుపెట్టారు. లోవరాజు నోటీసు సంగతి మరిచిపోయి పరుగున వచ్చాడు. ఫోను చేతులు మారి నా దగ్గరకి వచ్చింది. ఆకాశం కింద ఉంది. అందులోకి మా ఆఫీసంతా గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడుతోంది. అన్ని వైపుల నుంచీ వేళ్ళు. మధ్యలో కాకి భీమశంకరంగారి వేలిని చూస్తూ, పొడవాలా వద్దా అని ఆలోచిస్తోంది. నేను నవ్వాను. ఆఫీసు ఎదుట, యూనిఫారంలో ఉన్న బంట్రోతు చూస్తుండగా, గట్టిగా నవ్వాను.

"అద్భుతం. దీనికి తొంభై ఎనిమిది ఖాయం సార్," అన్నారు భీమశంకరంగారు. "వెంటనే ఎక్కించమని ఆదేశించండి."

రత్నంగారి నవ్వు ఆగిపోయింది. ఫోను తీసుకుని గుప్పిట్లో బిగించుకున్నారు.

కమిషనర్‌గారు ఆవిణ్ణి చూశారు, నన్ను చూశారు, తీగ వైపు చూశారు. కాకి అక్కడే ఉంది. "మాట ఇచ్చాం కదండీ," అన్నారు మెల్లగా.

"ఇచ్చింది సూపర్నెంటుగారు సార్, తమరు కాదు. పైగా కాకులకు ఇచ్చిన హామీలు నిబంధనల ప్రకారం..."

కాకి ఒకసారి అరిచింది.

"వద్దులెండి," అన్నారు కమిషనర్‌గారు. తర్వాత నన్ను పక్కకి తీసుకెళ్ళి, మరి సంచాలకులవారికి ఏం చెప్పాలో అడిగారు.

ఆ ఒక్క విషయంలో నాకు తిరుగులేదు. మార్కులు పని పూర్తయితేనే కదా. గుంట పునరుద్ధరణని రెండో దశగా చూపించి, ముప్పై నాలుగు వచ్చిన ఫొటోని దానికి 'ముందు' ఫొటోగా లెక్కవేసి, ఎదురుగా 'పని జరుగుచున్నది' అని రాశాను. జరుగుతున్న పనికి తర్వాత ఫొటో ఉండదు. మా ఊళ్ళో జరుగుతున్న పనుల్లో కొన్ని నా పెళ్ళికి ముందునుంచీ జరుగుతున్నాయి. ఒక గుంట ఎక్కువైతే ఎవరికి పట్టింది. స్టాండూ కెమెరా స్టోరుకి వెళ్ళాయి. నోడల్ అధికారి పదవి రద్దయింది. తాడు విప్పేసిన కొన్నాళ్ళకి వాల్వు కూడా ఎవరి ప్రమేయం లేకుండా మళ్ళీ కారటం మొదలుపెట్టింది.

ఇంతటితో అయిపోయేది. కానీ కాకి ముందు నేనన్న మాటలు ఎలాగో రాజధాని దాకా వెళ్ళాయి. సంచాలకులవారికి 'ఊరికే' అన్న మాట బాగా నచ్చిందట. ఈ మధ్యే సర్క్యులర్ వచ్చింది. పురదర్పణంలో మూడో గడి తెరిచారు, దాని పేరు 'ఊరికే'. ప్రతి పురపాలక సంఘమూ నెలనెలా తగినన్ని ఊరికే ఫొటోలు విధిగా ఎక్కించవలెను. ఊరికే తీసినట్టు ధ్రువీకరణ జతపరచవలెను. ఫొటోలో వేలు తప్పనిసరి.

సర్క్యులర్ పట్టుకుని టీ కొట్టు దగ్గరకి వెళ్ళాను. రత్నంగారు చదివి, నా ముఖం వైపు చూశారు. "సూపర్నెంటుగారూ, మాటిచ్చారండి."

"ఇచ్చాను. మిమ్మల్ని అడగటానికి రాలేదు," అన్నాను. "టీకి వచ్చాను."

ఆవిడ పక్కనే గొంతుక్కూర్చుని నా ఫోను తీశాను. మోకాళ్ళు పటపటమన్నాయి. గుంటలో ఆఫీసు తలకిందులుగా ఉంది, కాకి తీరిగ్గా మునుగుతోంది. మీట నొక్కాను. నాకు తెలియకుండానే నా రెండో చెయ్యి చాచుకుంది. ఫొటోలో కాకి పడలేదు. నా ముఖం పడింది, నీళ్ళలోంచి నా వేలు నన్నే చూపిస్తోంది.

"ఇది చెరపకండి బాబూ," అని రత్నంగారు నవ్వుతూ బల్ల పట్టుకున్నారు. లోవరాజు ఇంకో టీ పోశాడు.

ఇప్పుడు నా ఫోన్లో అలాంటివి చాలా ఉన్నాయి. సగం మసకగా ఉంటాయి. మా ఆవిడ చీపురు నీడ ఉంది, ఫైళ్ళ బీరువా మీద నిద్రపోతున్న బల్లి ఉంది. మొన్న మా ఆవిడ వాటిని చూసి, బీరువా తాళం తీసి పెళ్ళి ఆల్బం నా చేతికిచ్చింది. అన్ని పేజీలూ చూశాను. బాగుంది.

నెలాఖరు వచ్చింది. ఊరికే ఫొటోల నివేదిక పంపాలి. కాగితం మీద 'నిల్' అని రాసి, కింద సంతకం పెట్టి, సీలు వేసి పంపేశాను. ఇన్నేళ్ళ సర్వీసులో లేనివి ఉన్నాయని ఎన్నో రాశాను. ఉన్నవాటిని లేవని రాయటం ఇదే మొదలు.